పై రెక్క, కింది రెక్క

మా ఎయిర్‌ఫీల్డ్‌లో తెలుగు మాట్లాడే పైలట్లం ఇద్దరమే ఉండేవాళ్లం. ఇద్దరికీ సొంత విమానాలు. ఈ మాట చెబితే కాకినాడలో మా చుట్టాలు నేనేదో పెద్ద శ్రీమంతుణ్ణయిపోయానని అనుకుంటారు. న్యూజిలాండ్‌లో చిన్న విమానం అంత గొప్ప వస్తువేమీ కాదు. గొర్రెలు పెంచేవాళ్లకీ, ప్లంబర్లకీ, రిటైరైన టీచర్లకీ కూడా ఉంటుంది. నాది నాకంటే వయసులో పెద్దది. సీటు తోలు చిరిగితే మా ఆవిడ పాత కర్టెన్ గుడ్డ వేసి కుట్టింది. చలికాలం పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయాలంటే దాన్ని బతిమాలుకోవాలి.

నేను ఈ దేశానికి స్టూడెంట్‌గా వచ్చాను. చదువుకుంటూ ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో ఒక గోదాంలో పనిచేసేవాణ్ణి. ఎయిర్‌పోర్టు పక్కనే. టీ తాగడానికి బయటికొస్తే తలమీదుగా విమానాలు దిగుతుండేవి. చక్రాల రబ్బరు మీద మరకలు కూడా కనిపించేంత కిందగా వచ్చేవి. తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, బోటనీ డౌన్స్‌లో ఇల్లు కొని సెటిల్ అయ్యాం. ఒక పుట్టినరోజుకి మా ఆవిడ ఫ్లయింగ్ క్లబ్బులో అరగంట సేపు ఎగిరే టికెట్ కొనిచ్చింది. ఆ అరగంటతో సరదా తీరిపోతుందనుకుంది. తీరలేదు.

ఆ రెండో పైలట్‌ని, నేను అన్నా అని పిలిచే ఆయన్ని, మొదట కలిసింది ఒక వానలో. అప్పటికి నేను విమానం కొని కొన్ని వారాలే అయింది. నాది రెక్క పైన ఉండే రకం. వాన మొదలవగానే రెక్క కింద నిలబడి మా ఆవిడతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. అవతల ఆగి ఉన్న విమానంలోంచి ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన దిగి, పరుగెత్తుకొచ్చి నా రెక్క కింద దూరాడు. ఆయన విమానానికి రెక్క కింద ఉంటుంది, మోకాలి ఎత్తులో. వానకీ ఎండకీ అది పనికిరాదు. నా ఫోన్ మాటలు అయ్యేదాకా మర్యాదగా ఆగి, "యా ఊరబ్బా మీది?" అన్నాడు.

చెప్పాను. ఆయనది ప్రొద్దుటూరు దగ్గర. పాలపొడి ఫ్యాక్టరీలో మెషిన్ల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. మనురేవాలో ఇల్లు. నేనింకా స్కూల్లో ఉన్నప్పుడే ఆయన ఇక్కడ లైసెన్స్ తీసుకున్నాడు. వాన తగ్గాక నా విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూసి, "గొడుగు బాగుండాది. విమానం ఎప్పుడు కొంటావు?" అని అడిగాడు.

నేనూ ఊరుకోలేదు. ఆయన విమానం ఎక్కాలంటే రెక్క మీద అడుగేసి నడవాలి. "మీరు చాప తొక్కి లోపలికి వెళ్లాలన్నమాట" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి నాది గొడుగు, ఆయనది చాప. క్లబ్బులో ఈ దేశంవాళ్లు, కివీలు కూడా ఆ రెండు మాటలూ నేర్చుకుని వాళ్ల యాసలో అంటుండేవారు.

మాలో మాకు పోటీ లేని విషయం లేదు. ఎవరి ఇంజన్ ముందు స్టార్ట్ అవుతుంది, ఎవరిది తక్కువ పెట్రోలు తాగుతుంది, ఎవరిది ముందు పైకి లేస్తుంది. నా కిటికీలోంచి కిందనున్న పొలాలు, ఆవులు, సముద్రం ఒడ్డు అన్నీ కనిపిస్తాయని నేను గొప్పలు పోయేవాణ్ణి. మలుపు తిరిగినప్పుడు నీ రెక్క నీ కళ్లకే అడ్డమొస్తుంది, పోయేచోటు కనపడని విమానమూ ఒక విమానమేనా అని ఆయన. నాకు రెండు రెక్కల్లోని ట్యాంకుల నుంచీ ఒకేసారి పెట్రోలు వస్తుంది. ఆయన దాంట్లో అలా రాదు. కాసేపు ఎడమ ట్యాంకు, కాసేపు కుడి ట్యాంకు, పైలటే గుర్తుపెట్టుకుని మీట తిప్పాలి. మర్చిపోతే ఒక ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజన్ ఆగిపోతుంది. అది లోపమని నేనంటే, "నీది సోమరిపోతుల విమానమబ్బా" అనేవాడు.

అసలు పోటీ ఆదివారం ఉండేది. గడ్డి రన్‌వే మీద సున్నంతో ఒక తెల్లగీత గీసేవారు. పైనుంచి ఇంజన్ తగ్గించేసి, మళ్లీ దాన్ని ముట్టుకోకుండా, చక్రాలు ఆ గీత మీద ఆనేలా దిగాలి. క్లబ్బులో అందరూ ఆడేవారుగానీ మా ఇద్దరికీ మా ఇద్దరి లెక్కే కావాలి. ఓడినవాడు గెలిచినవాడి విమానం రెక్కల అంచుకి అతుక్కున్న పురుగులన్నీ తడిగుడ్డతో తుడవాలి. రెక్క నేలకి దగ్గరగా ఉండే విమానం దిగేముందు గాలిమీద తేలుతూ గీత దాటిపోతుంది. ఆ లెక్కన నేను గెలవాలి. ఎక్కువసార్లు ఆయనే గెలిచేవాడు. నేను వంగి తుడుస్తుంటే మడతకుర్చీ వేసుకుని కూర్చుని, వదిన డబ్బాలో పెట్టి పంపిన మరమరాల ఉగ్గాణి తింటూ ఇక్కడ ఒకటి మిగిలింది, అక్కడ ఒకటి మిగిలింది అని చూపించేవాడు. అయిపోయాక డబ్బాలో నా వాటా ఇచ్చేవాడు. బజ్జీలు మాత్రం గెలిచినవాడికే.

ఇలా చాలా ఏళ్లు గడిచాయి. నాకు ఈ దేశంలో అన్నదమ్ములు లేరు. ఉండి ఉంటే వాళ్లతో ఇంత సమయం గడిపేవాణ్ణి కాదేమో.

మొదటి తేడా నాకు కనిపించినప్పుడు దాన్ని తేడా అనుకోలేదు. దిగబోయే విమానాలన్నీ రన్‌వేకి ఒకే పక్క నుంచి వరుసగా రావాలి. ఒక ఆదివారం ఆయన రెండో పక్క నుంచి వచ్చాడు. ఎదురుగా వస్తున్న ఒక శిక్షణ విమానం పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. దిగాక అందరూ చుట్టూ చేరితే నవ్వేసి, పొద్దు కళ్లల్లో పడిందన్నాడు. పొద్దు ఆయన వీపువైపు ఉంది. నేను చూశాను, కానీ ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి నేనూ అనలేదు. తర్వాత మా అబ్బాయి ఏ క్లాసని అడిగినవాడే ఉగ్గాణి తినేలోపు మళ్లీ అడిగాడు. వయసులే అనుకున్నాను.

ఆ ఏడాది శరదృతువులో ఒకరోజు ఇద్దరం ఆయన విమానంలో ఇక్కడి కొరొమాండల్ ద్వీపకల్పం వైపు వెళ్లాం. ఒక బీచ్ పక్కన దిగి, చేపలూ చిప్సూ తిని, మధ్యాహ్నం వెనక్కి బయల్దేరాం. ఆయన ఎడమ సీట్లో, నేను కుడి సీట్లో. కొండలు దాటి థేమ్స్ అనే ఊరి దగ్గర సముద్రం మీదికి వచ్చాం. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయి కింద అంతా బురద మెరుస్తోంది. ఉన్నట్టుండి ఇంజన్ దగ్గినట్టయింది. మళ్లీ దగ్గింది. తర్వాత ఆగిపోయింది.

ఇంజన్ ఆగిన విమానం నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. ఉండదు, గాలి ఈలవేస్తుంది. నేను ఆయనవైపు చూశాను. ఎడమ ట్యాంకు ఖాళీ అయిందని నాకు అర్థమైంది. మీట ఆయన ఎడమ మోకాలి పక్కన ఉంది. చెయ్యి చాపితే సరిపోతుంది. ఆయన చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. ముందున్న గడియారాలవంక చూస్తున్నాడు. ఆ ముఖంలో భయం లేదు. బస్టాండులో బోర్డు చదవలేని మనిషి ముఖంలా ఉంది.

"అన్నా, ట్యాంకు" అన్నాను. ఆయన నావైపు తిరిగి, నేనింకా ఏదో చెప్తానన్నట్టు చూశాడు. నేను బెల్టు వదులు చేసుకుని, ఆయన మోకాళ్ల మీదుగా వంగి మీట తిప్పాను. పంపు స్విచ్ వేశాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఇంజన్ అందుకుంది. ఆయన చేతులు తమంతట తామే పైకి లేచి విమానాన్ని పట్టుకున్నాయి. ఇంటిదాకా ఆయనే నడిపాడు, ఆయనే దింపాడు, చక్కగా దింపాడు. విమానం పెట్టుకునే షెడ్డు, హ్యాంగర్ ముందు ఇంజన్ ఆపాక, నీకు తెలుసో లేదో పరీక్ష పెట్టానబ్బా అన్నాడు.

ఆ వారమంతా మా ఆవిడతో అదే మాట. ఎవరికైనా చెప్పాలంటే ముందు ఆయనకే చెప్పాలని తను అంది. నాకూ అదే సబబనిపించింది. ఆదివారం తొందరగా వెళ్లాను. ఆయన హ్యాంగర్లో ఒక్కడే ఉండి, విమానం ముక్కు మీద మూత తెరిచి ఏదో తుడుస్తున్నాడు.

"అన్నా, ఆ రోజు మీకు ట్యాంకు సంగతి గుర్తు రాలేదు. నేను చూశాను. మీరోసారి డాక్టర్‌కి చూపించుకోండి. అప్పటిదాకా ఒక్కరే ఎగరొద్దు" అన్నాను.

ఆయన తుడవడం ఆపలేదు. చాలాసేపటికి గుడ్డ పక్కన పెట్టి, "పందెంలో గెలవలేక ఈ మాట అంటాండావా?" అన్నాడు.

ఆ మాట అన్నది ఆయనేనని నమ్మడానికి నాకు సమయం పట్టింది. అన్నేళ్లలో ఆయన నన్ను ఎన్నిరకాలుగా వెక్కిరించినా ఏనాడూ నొప్పి పుట్టలేదు. మీరు ఒక్కరే ఎగిరితే క్లబ్బులో చెప్పాల్సి వస్తుందన్నాను. చెప్పుకోపొమ్మన్నాడు. చెప్పాను. క్లబ్బు పెద్ద ఇన్‌స్ట్రక్టర్ ఆయనకి ఫోన్ చేసి, ఒకసారి కలిసి ఎగురుదాం రమ్మని మర్యాదగా పిలిచాడు. ఆయన రాలేదు. ఆ తర్వాత అసలు ఎయిర్‌ఫీల్డ్‌కే రాలేదు.

ఆ చలికాలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫోన్ చేస్తే వదిన ఎత్తి, పడుకున్నాడనో బయటికి పోయినాడనో చెప్పేది. వెనకనుంచి టీవీ చప్పుడూ ఆయన దగ్గూ వినిపించేవి. ఆదివారాలు నేను వెళ్లేవాణ్ణి. తెల్లగీత మీద రెండుసార్లు సరిగ్గా దిగాను కూడా. ఎవరో చప్పట్లు కొట్టారు. నా విమానం నేనే తుడుచుకుని, పక్కన హ్యాంగర్ తలుపు తీసి ఆయన దాన్ని చూసి వచ్చేవాణ్ణి. టైర్లలో గాలి తగ్గితే కొట్టించేవాణ్ణి. రెక్క మీద దుమ్ము తుడుస్తుంటే, నేను సరైన పనే చేశానని తెలిసి కూడా ఏదో దొంగతనం చేస్తున్నట్టు ఉండేది.

చలి తగ్గుతుండగా ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉంటే వదిన నుంచి ఫోన్ వచ్చింది. అన్న కరివేపాకు కోసం పాపటోయిటోయి షాపులకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా వెళ్లే దారి. షాపుల వెనక పార్కింగ్‌లో కారులో కూర్చుండిపోయాడు. సాయంత్రం షాపు మూసే ముందు ఓనరు చూసి, కిటికీ కొట్టి, మెల్లగా ఇంటి నంబరు అడిగి కనుక్కున్నాడు. ఇది జరిగి రెండు రోజులైంది. ఆమె ఆ రెండు రోజులూ ఎవరికీ చెప్పలేదు.

"డాక్టరుకాడికి నువ్వే తీస్కోని పోవాల నాయనా. నా మాట వినడు. నీ మీద కోపముండాది, అయినా నీ మాటే వింటాడు" అంది.

నేను వెళ్లేసరికి ఆయన ఉన్ని టోపీ పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. నేరుగా వచ్చి కారెక్కాడు. డాక్టరు అమ్మాయి చిన్నది, ఓపికగలది. ఏం పనులు చేస్తారని అడిగితే, చలిలో విమానం ఇంజన్లో మంచు ఎలా పేరుకుంటుందో, పైలట్ దాన్ని ఎలా కనిపెట్టాలో తన ఇంగ్లీషులో ఒక్క మాట తడబడకుండా చెప్పాడు. ఆమె రాసుకోవడం కూడా ఆపి విన్నది. తర్వాత, ఇది ఏ నెల అని అడిగింది. ఆయన కిటికీలోంచి చెట్టుని చూసి, దాన్నిబట్టి చెప్పడానికి ప్రయత్నించాడు.

తిరిగొచ్చేటప్పుడు మోటార్‌వే మీద సగం దూరం వచ్చాక ఆయనే అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే అబ్బా. ఆ పొద్దు నా చెయ్యి యాడికి పోవాల్నో నాకి తెలీలే. ముందరుండే గడియారాలన్నీ ఎవురో ఇంట్లోవి మాదిరి కనపన్యాయి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఇల్లు వచ్చేదాకా అలాగే ఉంచాడు.

డాక్టరు రిపోర్టు వెళ్లాక లైసెన్స్ పోయింది. ఆయన దాని గురించి ఒక్కసారి కూడా వాదించలేదు. ఎండాకాలం వచ్చాక, ఇన్‌స్ట్రక్టర్ దగ్గర అన్న విమానం నడపడం నేర్చుకుని, ఆయన్ని ఎక్కించుకెళ్లడానికి పిలిచాను. వచ్చాడు. ఆ విమానానికి తలుపు ఒక్కటే, కుడిపక్కన. నడిపేవాడు ముందు ఎక్కి అవతలి సీట్లోకి జరగాలి. ఆయన అలవాటుగా రెక్క మీద అడుగు వేసి, లోపలికి ఒక కాలు పెట్టి, ఆగిపోయాడు. వెనక్కి దిగి పక్కకి జరిగి నిలబడి, "నువ్వు ఎక్కు" అన్నాడు. నేను ఆయన పక్కనుంచి ఎక్కాల్సి వచ్చింది. నేర్చుకున్నన్ని రోజులూ కదపలేదు, ఆ సీటు ఇంకా ఆయన కొలతకే ఉంది. ఆ రోజూ నేను ముందుకి జరుపుకోలేదు. కాళ్లు అందీ అందకుండానే నడిపాను.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం పోటీలో ఆయన విమానం నడపమన్నాడు. నా దాన్ని క్లబ్బులో ఇంకొకాయన నడిపాడు. పక్కన కూర్చుని అన్న ఒక్క మాటా మాట్లాడలేదు గానీ, దిగబోయేముందు ఆయన కుడిచెయ్యి విమానం ముక్కు పైకెత్తుతున్నట్టు గాలిలో కొంచెం వెనక్కి లాగింది. నేనూ అప్పుడే లాగాను. చక్రాలు గీత మీద ఆనాయి. ఆయన సంతోషం చూసి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా విమానాన్ని నేనే ఓడించిన ఆ గెలుపు నాకు ఏమాత్రం రుచించలేదు.

అమ్మేద్దామన్నది ఆయనే. ఒకరోజు బాగా తెలివిగా ఉన్నప్పుడు వదిననీ నన్నూ కూర్చోబెట్టి, విమానం నిలబడితే చెడిపోతుంది, ఎగిరేవాళ్లకి ఇవ్వాలి అన్నాడు. దక్షిణ దీవిలో బ్లెనమ్ దగ్గర ద్రాక్షతోటల్లో పనిచేసే ఒకావిడ కొంటానంది. తీసుకెళ్లి అప్పజెప్పే పని నాది. తనూ వస్తానన్నాడు అన్న. వదిన ఆయనకి రెండు స్వెటర్లు వేసి, ఒక డబ్బా నిండా ఉగ్గాణి కట్టి పంపింది. ఎయిర్‌ఫీల్డ్‌కి ఆమె రావడం అదే మొదటిసారి, కంచె బయటే నిలబడింది.

అంత మంచి రోజు ఆ ఏడాది మళ్లీ రాలేదు. టౌపో సరస్సు పక్కన దిగి పెట్రోలు పోయించుకున్నాం. రువపేహు కొండమీద పాత మంచు ఇంకా అక్కడక్కడా ఉంది. ఆయన హుషారుగా ఉన్నాడు. ఎప్పుడు ట్యాంకు మార్చాలో నాకంటే ముందు ఆయనే చెప్పాడు, సరిగ్గా వేళకి. నాకెంత ఆశ పుట్టిందంటే, డాక్టరు పొరబడిందేమోనని కూడా అనుకున్నాను.

తీరం వెంబడి దక్షిణంగా వచ్చి, రెండు దీవుల మధ్యనున్న కుక్ జలసంధి మీదికి చేరాం. కింద నీళ్లు ముదురు నీలంగా ఉన్నాయి, ఓడ ఒకటి తెల్లటి గీత గీస్తూ పోతోంది. ఓడని చూస్తున్న అన్న, హెడ్‌సెట్ సర్దుకుని అడిగాడు.

"ఈ విమానం ఎవురిదబ్బా?"

"మీదేనన్నా."

ఆయన నవ్వాడు, నేను ఎగతాళి చేస్తున్నానని. "నాకి యాడిదిలే. నీదే అయ్యుంటాది" అన్నాడు. ముందున్న గడియారాల పలక మీద అరచేత్తో మెల్లగా రాసి, "మంచి విమానం అబ్బా. పదిలంగా చూసుకో" అన్నాడు.

ఆయన దాన్ని ఎన్ని వేలసార్లు నా ముందు పొగిడి ఉంటాడో. ఇప్పుడు నాది అనుకుని పొగుడుతున్నాడు. అన్నేళ్లలో నా వస్తువుని ఆయన మెచ్చుకున్నది అదొక్కసారే. అలాగేనన్నాను. విమానం నడపాలి కాబట్టి నడిపాను.

కొనే ఆవిడ గడ్డిలో గమ్‌బూట్లతో ఎదురొచ్చింది. చాలా మర్యాదస్తురాలు. ఆయన్నే అడిగి అన్నీ తెలుసుకుంది. అన్న రెక్క మీద చెయ్యివేసి, ఏ మీట గట్టిగా ఉంటుందో, ఏ చప్పుడుకి భయపడాలో, దేనికి భయపడనక్కర్లేదో చెప్పాడు. విమానం ఎవరిదో తెలియదు గానీ దాని సంగతులన్నీ ఆయనకి తెలుసు. ఆమె ఒక్కతే ఎక్కి ఒక చుట్టు తిరిగి వచ్చి దించింది. బాగా దించిందన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, మనం ఇంటికి ఎట్లా పోతామని రహస్యంగా అడిగాడు.

ప్రయాణికుల విమానంలో వచ్చాం. ఆయన ఆక్లాండ్ దాకా నిద్రపోయాడు. వదిన తలుపు దగ్గరే నిలబడి ఉంది, ఆయన స్వెటర్ బొత్తాలు తప్పుగా పెట్టి ఉంటే సరిచేసింది. ఎట్లా ఉన్నాడని నన్నడగలేదు.

ఇది జరిగాక ఇంకో రెండు చలికాలాలు గడిచాయి. నేను ఇంకా ఎగురుతున్నాను, ఆదివారాలు మాత్రం కాదు. ఆ రోజు మనురేవా వెళ్తాను. ఆయన నన్ను గుర్తుపట్టడు గానీ, తెలుగు మాట్లాడతాను కాబట్టి ఇష్టపడతాడు. మొన్నొకసారి నువ్వేం చేస్తుంటావని అడిగాడు. కంప్యూటర్ల పని అన్నాను. నా చేతులు తీసుకుని తిప్పి చూశాడు.

"విమానం నేర్చుకోబ్బా" అన్నాడు. "నీకి వస్తాది."

నేర్చుకుంటానన్నాను. వదిన టీ తెచ్చింది. ఆయనకి వేడి తగలకుండా ఇంకో గ్లాసులో పోసి చల్లార్చి ఇచ్చింది. ముగ్గురం తాగాం. ఆయన ఖాళీ గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, కిటికీ పక్క కుర్చీలో ఎండకి కళ్లు మూసుకున్నాడు.